ఇసుక తిరిగివచ్చిన తీరం

అనువాదకులకు సముద్రతీరం కొంచెం ఇబ్బందికరమైన చోటు. ఇంగ్లీషులో బీచ్ అన్న ఒక్క మాటతో గడిచిపోయే చోట తెలుగులో ఒడ్డు, తీరం, గట్టు, ఇసుకతిన్నె అని నాలుగు మాటలున్నాయి. నాలుగూ ఒకటి కావు. 2025 నవంబరులో నేనొక స్కాట్లండు కథను తెనిగిస్తున్నాను. అందులో ఒక కుటుంబం నిర్జనమైన తీరం వెంబడి నడుస్తుంది. గంటలోపల ఎండా, వానా, మంచూ మూడూ వస్తాయి. అక్కడివారు సన్నని తుంపరను స్మర్ అంటారు. తూర్పు కోస్తాలో సముద్రం మీదనుంచి కమ్ముకువచ్చే పొగమంచును హార్ అంటారు. తుంపర మనకుంది. రెండవదానికోసం మూడు రోజులు వెదికి ‘కడలిమంచు’ అని రాసుకున్నాను. ఇప్పటికీ తృప్తి లేదు.

పుదుచ్చేరిలో ఆ మంచు లేదు గాని, కార్తీకమాసంలో ఇక్కడి ఆకాశాన్నీ నమ్మడానికి వీలులేదు. అటువంటి ఒక సాయంకాలం నేనూ, మావారూ, పదేళ్ళ మా అబ్బాయీ, అత్తయ్యగారూ బీచ్ రోడ్డుకు బయలుదేరాము. షికారు అన్నది పేరుకే. మా మధ్య ఒక విషయం తేలవలసి ఉంది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఒక్క రోజులో సుమారు 48 సెంటీమీటర్ల వాన కురిసింది. మా ఇంట్లో మోకాలి లోతు నీరు నిలిచింది. నా నిఘంటువులు వారం రోజులు మంచాల మీద ఆరాయి. నాటినుంచి మావారు హైదరాబాదుకు మారిపోదామంటున్నారు. అత్తయ్యగారు అవుననరు, కాదనరు.

ఆమెది యానాం. మామయ్యగారికి 1970లలో ఇక్కడికి బదిలీ కావడంతో కొత్తకాపురానికి వచ్చారు. యానాం కూడా ఈ ప్రభుత్వం కిందిదే అయినా, ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరం. భాష తెలియని ఊళ్ళో తనకు మొదట చనువైనది ఈ ఇసుకేనని చెబుతారు.

1980ల చివర ఊరికి దక్షిణాన, అరియాంకుప్పం నది సముద్రంలో కలిసేచోట, హార్బరు కట్టారు. ఏడాదిలో అధికభాగం అలలు ఇసుకను దక్షిణంనుంచి ఉత్తరానికి తరలిస్తాయి. ఈశాన్య ఋతుపవనాల కాలంలో కొంత వెనక్కి తెస్తాయి. సముద్రంలోకి కట్టిన రాతిగోడలు ఆ రాకకు అడ్డుపడ్డాయి. దక్షిణాన ఇసుక మేట వేసింది. ఉత్తరాన ఊరి ఒడ్డు కరిగిపోయింది. మిగిలినదానిని కాపాడడానికి బండరాళ్ళు పోశారు. నేను కోడలినై వచ్చేనాటికి ఇక్కడ బీచ్ అంటే రాళ్ళగట్టు. నిలబడి చూడవలసిందే గాని, కాలు మోపేది కాదు. అత్తయ్యగారు దానిని ఏనాడూ బీచ్ అనలేదు, ‘గోడ’ అనేవారు.

2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు ఈ తీరంలో నీటి అడుగున ఒక ఉక్కు కట్టడాన్ని దించారు. అలల ఉరవడి దానివల్ల తగ్గి, ఇసుక ఆ చాటున నిలవసాగింది. ఇంజనీర్లను మెచ్చుకునే అలవాటు సాహిత్యం చదివినవారికి తక్కువ. ఈ ఒక్క విషయంలో నేను మెచ్చుకుంటాను. అయితే మోకాళ్ళ నొప్పులవల్ల అత్తయ్యగారు అంతవరకు ఆ ఇసుకలోకి దిగనేలేదు.

గాంధీ విగ్రహం దాటేసరికి తూర్పున మబ్బు పట్టి జల్లు కొట్టింది. ఉన్నది ఒకటే గొడుగు. అయిదు నిమిషాలలో వెలిసి, ఊరి వెనుకనుంచి పడమటి ఎండ సముద్రం మీది మబ్బును ఇత్తడిరంగు చేసింది. మావాడు అప్పటికే ఇసుకలో గొయ్యి తవ్వుతున్నాడు.

“అమ్మాయ్, చెప్పులు పట్టుకో,” అన్నారు అత్తయ్యగారు.

నా భుజం పట్టుకుని మెల్లగా దిగారు. పిడికెడు ఇసుక తీసి వేళ్ళమధ్య నలిపి చూశారు.

“అప్పటిది మెత్తగా ఉండేది. ఇది ముతక. పోనీలే, కొత్తది కదా.”

“అమ్మా, మళ్ళీ వాన వచ్చేలా ఉంది,” అన్నారు మావారు.

“రానీరా. తడిస్తే ఆరతాం.” కాస్త ఆగి, “హైదరాబాదులో అద్దె ఎంతన్నావు?” అని అడిగారు.

ఆయన చెప్పారు.

“ఆ డబ్బుకి ఇక్కడే మెరక మీద ఇల్లు దొరకదా?”

ఆయన జవాబు చెప్పలేదు. గాలి తిరిగి రెండో జల్లు అందుకున్నది. గొడుగు విప్పి తల్లి తలమీద పట్టారు. అబ్బాయి గోతిలోకి నీరు ఊరింది.

ఆ మరుసటి వారంనుంచి మేము మెరకవీధులలో ఇళ్ళు చూస్తున్నాము. ఇంతవరకు ఏదీ కుదరలేదు.