సీసా వెనక్కి తిప్పండి!

మొటిమలకు మందు చెప్పనివాళ్లు మన ఊళ్లో ఉండరేమో! సైదాబాద్‌లో మా వీధిలోనే ఒకరు పాలమీగడ రాయమంటారు, ఒకరు ముల్తానీమట్టి పట్టించమంటారు, ఇంకొకరు కొబ్బరినూనెను మించింది లేదంటారు. 'ఇప్పటిదాకా ఏం రాస్తున్నావమ్మా?' అని మాత్రం ఎవరూ అడగరు.

ముందు అడగాల్సింది అదే. మా అక్క కూతురి విషయంలో నాకది బాగా తెలిసొచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుతోంది. ఆదివారాలు మా ఇంటికొస్తుంది. కిందటేడాది నుదురంతా సన్నటి పొక్కులు, బుగ్గల మీద ఎర్రటి మొటిమలు. ఇంట్లో ఉన్నా మొహానికి చుట్టుకున్న చున్నీ తీసేది కాదు. 'చిన్నమ్మా, ఈ మొహంతో ఇంటర్వ్యూకి ఎలా పోను?' అంటూ ఓ రోజు ఏడ్చేసింది. బ్యాగు బోర్లిస్తే అయిదు సీసాలు, ఒక ట్యూబు బయటపడ్డాయి. ఇద్దరం వాటి వెనక ఉన్న చిన్న అక్షరాలు చదవడం మొదలుపెట్టాం.

చర్మం తన నూనెను తానే తయారుచేసుకుంటుంది. ఆ నూనె, మృతకణాలు కలిసి రంధ్రానికి బిరడాలా అడ్డుపడితే కామెడోన్. బ్లాక్‌హెడ్, వైట్‌హెడ్ అంటామే, అవే. కొన్ని సౌందర్య సాధనాల వల్ల కూడా ఇవి వస్తాయని 1972లో అమెరికా పరిశోధకులు క్లిగ్‌మన్, మిల్స్ రాశారు. పదార్థాలను కుందేలు చెవిలో రాసి చూసేవారు. సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేసే పట్టికలు అలా పుట్టినవే. వాటిలో కొబ్బరినూనె, కోకో బటర్, ఐసోప్రొపైల్ మిరిస్టేట్ పైవరసలో ఉంటాయి. అయితే కుందేలు చెవి మన చర్మం కన్నా సున్నితం. పైగా ఒక పదార్థం ఎంత కలిపారు, వేటితో కలిపారు అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. కాబట్టి ఆ పట్టిక వేదవాక్కేం కాదు. సీసా మీద 'నాన్ కామెడోజెనిక్' అన్న మాట కూడా అంతే!

మరి ఎలా ఎంచుకోవాలి? మన దేశంలో 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం, ఒక శాతానికి మించి ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. అంటే మొదటి అయిదారు పేర్లే ముఖ్యం. జిడ్డు చర్మం అయితే అక్కడ నూనెలు, బటర్లు ఉన్న క్రీము వద్దు. గ్లిజరిన్, నియాసినమైడ్ ఉన్న పల్చటి జెల్ గానీ లోషన్ గానీ మేలు. కొత్తది ఏదైనా ఒక్కటే మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలు చూడాలి. అయిదూ ఒకేసారి రాస్తే దోషి ఎవరో ఎలా తెలుస్తుంది?

మా పిల్ల నుదుటి పొక్కులకు దోషి తలనూనె. రోజూ రాత్రి కొబ్బరినూనె పట్టించి పడుకునేది. తలకు పొమేడ్ దట్టించేవారికి నుదుటిమీద ఇలాగే వస్తాయని 1970లోనే వైద్యులు రాశారు. నూనె మానక్కర్లేదు. తలస్నానానికి గంట ముందు రాసుకుని, తర్వాత నుదురు కూడా కడుక్కుంటే చాలు. దిండు గలీబు, చున్నీ తరచూ ఉతకాలి.

బుగ్గల సంగతి వేరు. స్నేహితురాలు ఇచ్చిన 'తెల్లబరిచే' ట్యూబు మీద మొమెటాసోన్ అని ఉంది. అది స్టెరాయిడ్! మొదట్లో మొహం నిగనిగలాడుతుంది. తర్వాత మొటిమలు, ఎరుపు, చర్మం పలచబడటం. ఇలాంటి క్రీముల్ని కేంద్రం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. ఒక్కసారిగా మానేస్తే మొటిమలు మరింత ఎగదన్నుతాయి కూడా. అందుకే చర్మవైద్యురాలికి చూపించాం. మాన్పించడానికి కొన్ని నెలలు పట్టింది. మచ్చలు ఇంకా ఉన్నాయి. చున్నీ మాత్రం ఇప్పుడు బండి మీదే!

షాపులో సీసా తిప్పి చదువుతుంటే, 'తీసుకుంటారా, లేదా?' అని కౌంటర్ దగ్గర విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. మొహం మనది కదా!