ట్రిప్పయ్యే బ్రేకర్ శత్రువు కాదు

అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడానికి 1978 లో కార్టర్ సంతకం పెట్టిన చట్టం దారి తెరిచింది. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను కట్టక్కర్లేదు, అమ్మకూడదు అంతే. ఇహ మన సాఫ్ట్‌వేర్ జనాభా ఊరుకుంటారా? మా ఫ్రెండొకడు గరాజ్‌లో 240 వోల్టుల మీద నడిచే 5500 వాట్ల ఎలిమెంటుతో ఓ స్టీలు గుండిగ పెట్టాడు.

చలికాలమంతా మూలన పడున్న ఆ సరంజామా మొన్న బయటికి తీస్తే, స్విచ్ వేసిన మరుక్షణం జీఎఫ్‌సీఐ బ్రేకర్ టప్పుమని పడిపోయింది. మళ్ళీ వేస్తే మళ్ళీ టప్.

"ఈ బ్రేకరే దరిద్రం బాబాయ్, పీకేసి మామూలుది పెట్టేద్దాం" అన్నాడు మావాడు.

ఆగమని మల్టీమీటర్ తీశాను. బ్రేకర్ ఆపి, ఎలిమెంటు ప్లగ్గు ఊడదీసి, మళ్ళీ వేశాం. పడలేదు. అంటే వైరింగూ, కంట్రోలరూ నిర్దోషులు. ఎలిమెంటు రెండు పిన్నుల మధ్య 10.5 ఓంలు. 240 స్క్వేర్‌ని 5500 తో భాగిస్తే వచ్చేదీ అదే, కాబట్టి లోపలి కాయిల్ తెగలేదు. ఇక పిన్నుకీ, పైనున్న స్టీలు తొడుగుకీ మధ్య చూస్తే... 18 కిలో ఓంలు! అక్కడ మీటర్ ఓపెన్ అని చూపించాలి.

కాయిల్‌కీ తొడుగుకీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి కూరి ఉంటుంది. వేడిని పోనిస్తుంది, కరెంటుని ఆపుతుంది. కానీ దానికి చెమ్మ పీల్చుకునే గుణముంది. పిన్నుల దగ్గర సీలు పాడైతే తేమ లోపలికి దూరుతుంది. అక్కడ భూమితో పోలిస్తే 120 వోల్టులు. 18 వేల ఓంలతో భాగిస్తే దాదాపు 6.7 మిల్లీ ఆంపియర్లు. జీఎఫ్‌సీఐ 5 దగ్గరే పడుతుంది. పాపం, దాని డ్యూటీ అది చేసింది.

మావాడు పెడదామన్న 30 ఆంపియర్ల బ్రేకర్ వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. ఎర్త్ వైరు ఊడిన రోజున తడిచేత్తో గరిటె పెట్టి కలిపితే, ఆ కరెంటు మనలోంచే పోతుంది. పది మిల్లీ ఆంపియర్లు దాటితే పట్టుకున్నది వదలడమే కష్టం. బ్రేకర్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఎలిమెంటుని ఓవెన్‌లో ఆరబెట్టి వాడేవాళ్ళున్నారు. సీలు పోతే చెమ్మ మళ్ళీ చేరుతుంది కదా? అందుకే కొత్తది ఆర్డరిచ్చాం. బీరు వారం ఆలస్యం, అంతే.

టెస్ట్ ఫెయిలయితే టెస్టునే కామెంట్ చేసేసే అలవాటు మన వృత్తిలో కొత్తేం కాదు. ఆఫీసులో అయితే మహా అయితే ఓ ఎస్కలేషన్. కరెంటు దగ్గర రోల్‌బ్యాక్ ఉండదు. మన ఊళ్ళల్లోనూ అంతే... గీజర్ వేస్తే ఆర్‌సీసీబీ పడుతోందని డైరెక్ట్ ఇచ్చేయమనే ఇళ్ళు ఎన్ని లేవు?

ఇంతకీ మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే, దాని మీద టెస్ట్ బటన్ ఎప్పుడైనా నొక్కి చూశారా?