చెక్కపనికి ఏ డబుల్ సైడ్ టేప్?

కోచింగ్ సెంటర్లు, స్టడీ హాళ్ల పుణ్యమా అని హైదరాబాద్ చిక్కడపల్లి, అశోక్‌నగర్ గల్లీల్లో స్టేషనరీ షాపులకు కొదవలేదు. డబుల్ సైడ్ టేప్ అడిగితే సాధారణంగా రెండు రకాలు చూపిస్తారు: మందపాటి ఫోమ్ టేప్, పల్చటి టిష్యూ టేప్.

చెక్కపనిలో ముక్కను తాత్కాలికంగా అతికించి పట్టి ఉంచడానికైతే ఫోమ్ టేప్ తీసుకోకండి. గోడకు హుక్కు అతికించడానికి అది భేషుగ్గా పనికొస్తుంది. కానీ మెత్తనిది కాబట్టి, చెక్క అంచులు చెక్కే రూటర్ యంత్రం తాకిడికి ముక్క కదిలి, అంచు గీత తప్పుతుంది. పల్చటిదే కావాలి. గుడ్డతో చేసిన పల్చటి టేప్ దొరికితే మరీ మేలు, తీసేటప్పుడు చిరగకుండా వస్తుంది.

అంటించే ముందు పొట్టు శుభ్రంగా తుడవండి. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, దాన్ని థిన్నర్ గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అతికించాక కాసేపు క్లాంపుతో బిగించండి. ఈ జిగురు పట్టేది ఒత్తిడికే.

టేప్ దొరక్కపోతే రెండు ముక్కలకూ మాస్కింగ్ టేప్ వేసి, ఆ టేపుల మధ్య ఫెవిక్విక్ చుక్కలు పెట్టినా గట్టిగా నిలుస్తుంది. పనయ్యాక టేప్ ఊడదీస్తే చెక్కకు మరక ఉండదు.

మరీ చిన్న ముక్కల్ని మాత్రం టేపును నమ్ముకుని రూటర్ కింద పెట్టకండి. వేళ్లు జాగ్రత్త.

నారాయణగూడ వైపు గుడ్డ టేప్ దొరికే షాపు తెలిస్తే చెప్పండి, అందరికీ పనికొస్తుంది.