అమ్మ ఖాతా

2022 మే నెలాఖరులో మా కోనసీమలో ఇంటర్నెట్ ఆగిపోయింది. జిల్లాకి అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు మే 24న అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు, ఆ మర్నాటి నుంచి ఫోన్లు మూగబోయాయి. ఇంట్లో కూర్చుని ఉద్యోగాలు చేసుకుంటున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం గోదావరి దాటి వెళ్లిన సంగతి పేపర్లలో వచ్చింది. నాకు మాత్రం ఆ రోజులు తలుచుకుంటే ఒక తల్లి గుర్తొస్తుంది. ఆమె అప్పుడు కువైట్‌లో ఉంది. కూతురు నా దగ్గర డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. ఇంటర్నెట్ పోవడానికి నాలుగు రోజుల ముందు ఆమెతో వాట్సాప్‌లో నేనన్న మాట ఒకటుంది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి రెండు వారాలపాటు నాకు దారి లేకపోయింది. తర్వాత దారి దొరికినా నోరు రాలేదు.

నేను ఎకనామిక్స్ చెప్తాను. రాజోలు వైపు ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, పేరు అవసరం లేదు. పాఠాలతోపాటు స్కాలర్‌షిప్పుల పని కూడా చాలా ఏళ్లు నామీదే ఉండేది. ఆడవాళ్లకి ఓపిక ఎక్కువ కదా అని అప్పగించారు. కుల ధృవీకరణ, ఆదాయ ధృవీకరణ, 75 శాతం హాజరు, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు... ఒక్కో అమ్మాయి జీవితం నా బల్లమీద ఒక్కో ఫైలుగా ఉండేది.

ఆ ఫైళ్లంటే నాకు చిరాకు ఉండేది కాదు. ఎందుకంటే నేనూ అలాంటి ఫైలులోంచి వచ్చినదాన్నే. ఎనభైల్లో అమలాపురంలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా అమ్మ నాట్లకీ కోతలకీ వెళ్లేది. స్కాలర్‌షిప్పు దరఖాస్తు మీద తండ్రి లేదా సంరక్షకుడు అన్న చోట అమ్మ వేలిముద్ర వేసింది, నాన్న అప్పటికే లేడు కాబట్టి. ఆ డబ్బు అమ్మ కళ్లతో చూడలేదు. ఏ ఆర్నెల్లకో కాలేజీకి వచ్చేది, కాలేజీ బాకీ కాలేజీ తీసుకునేది, మిగిలింది ఉంటే రిజిస్టర్లో సంతకం పెట్టి మేం తీసుకునేవాళ్లం. రాకముందు ఆర్నెల్లూ ఎలా గడిచిందని మమ్మల్ని ఎవరూ అడగలేదు. అమ్మని అసలే అడగలేదు.

ఆ స్కాలర్‌షిప్పుకి ఒక చరిత్ర ఉందని నాకు పీజీలోగానీ తెలియలేదు. షెడ్యూల్డు కులాల విద్యార్థులకి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పు 1944లో మొదలైంది. అంబేద్కర్ అప్పుడు వైస్రాయ్ కౌన్సిల్లో సభ్యుడు. 1913లో ఆయన కొలంబియా యూనివర్సిటీకి వెళ్లింది కూడా బరోడా మహారాజు ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీదే. అంటే ఇతరుల దయ మీద చదువుకున్న మనిషి, తన తర్వాతివాళ్లు దయ మీద ఆధారపడకుండా ప్రభుత్వ పద్దులో రాయించాడన్నమాట. ఆ మనిషి పేరు పెడతామంటే మా ఊళ్లు తగలబడ్డాయి. ఆ పద్దు మీద చదువుకున్నదాన్ని నేను ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నాను.

2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక బీసీ, ఈబీసీ పిల్లలకి కూడా తలుపులు తెరుచుకున్నాయి. మా వైపు ఆడపిల్లలు ఇంటర్ తర్వాత కూడా కాలేజీకి రావడం ఆ తర్వాతే బాగా కనిపించింది. పల్లెలకి కాలేజీ బస్సులొచ్చాయి. అయితే డబ్బు ప్రభుత్వం నుంచి కాలేజీకి పోయేది. మధ్యలో విద్యార్థి ఒక హాల్‌టికెట్ నెంబరు మాత్రమే. బకాయిలు పేరుకుంటే యాజమాన్యం ప్రభుత్వాన్ని నిలదీయదు, నిలదీయలేదు. పిల్లల సర్టిఫికెట్లు ఆపుతుంది. ఇంజనీరింగులో చాలామందికి 35 వేలు దాటిన ఫీజు తల్లిదండ్రులే కట్టుకోవాల్సి వచ్చేది.

అందుకే 2021 ఏప్రిల్ నుంచి ఫీజు డబ్బు కాలేజీకి కాకుండా తల్లి ఖాతాలో వేస్తామన్నప్పుడు నేను మనస్ఫూర్తిగా సంతోషించాను. విద్యా దీవెన కింద మూడు నెలలకొకసారి ఫీజు, వసతి దీవెన కింద హాస్టలు, భోజనం ఖర్చులకి ఏడాదికి ఐటీఐ వాళ్లకి 10 వేలు, పాలిటెక్నిక్‌కి 15 వేలు, డిగ్రీ, ఆపైన 20 వేలు. అన్నీ తల్లి పేరుననే. ఆ తల్లి కాలేజీకి వచ్చి ఫీజు కట్టాలి, పిల్ల ఎలా చదువుతోందో అడగాలి, బాగా చెప్పకపోతే నిలదీయాలి అన్నారు. కాగితం మీద చదివితే మనం ఇన్నేళ్లూ రాసుకున్నది ఎవరో జీవోలో రాసినట్టనిపించింది. స్టాఫ్ రూములో మగవాళ్లు, "ఇంకేముంది, ఆడాళ్లు చీరలు కొనుక్కుంటారు" అంటే వాళ్లతో గొడవపెట్టుకున్నాను. "మీరు తాగే డబ్బుకన్నా చీర నయం" అన్నాను కూడా.

ఆ మే నెల మొదట్లో ఒక విడత డబ్బు పడింది. పదిరోజుల్లోగా కాలేజీకి కట్టాలి. కట్టనివాళ్ల జాబితా నోటీసు బోర్డు మీద పెట్టారు. ఆ జాబితాలో ఉన్న తల్లులకి ఫోన్లు చెయ్యడం నా పని. అలా చేశాను ఆ కువైట్ ఫోను. మూడోసారికి ఎత్తింది. వెనకాల చిన్నపిల్ల ఏడుపు, గిన్నెల చప్పుడు. గొంతు తగ్గించి మాట్లాడింది.

"నమస్కారమండి మేడంగారూ. పడ్డాయాండీ? నాకు తెలవదండి."

రోజూ ఇరవైమంది చెప్పే అబద్ధాలు విని విసిగిపోయి ఉన్నాను. "డబ్బు నీ పేరునే పడిందమ్మా. నీకు తెలియకుండా ఎక్కడికి పోతుంది? కూతురి చదువు మీద ఆ మాత్రం బాధ్యత లేకపోతే ఎలా?" అన్నాను.

అవతల కాసేపు ఏం వినిపించలేదు. "ఆయ్, కనుక్కుంటానండి" అని పెట్టేసింది.

నాలుగు రోజులకి నెట్ పోయింది. కోనసీమలో గల్ఫ్ తల్లులున్న ఇళ్లకి నెట్ పోవడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా తెలియదు. ఈ వైపు ప్రతి ఊళ్లోనూ కువైట్‌లోనో, మస్కట్‌లోనో, దుబాయ్‌లోనో ఇంటిపని చేస్తున్న ఆడవాళ్లున్నారు. ముప్పై ఏళ్లు దాటితేగానీ ఇంటిపనికి పంపకూడదని కేంద్రం నిబంధన. అందుకని వెళ్లేవాళ్లలో ఎక్కువమంది ఎదిగే పిల్లల తల్లులే. రాత్రి పది తర్వాత ఆ ఇంటి పని తెమిలాక చేసే వీడియో కాల్‌లోనే ఇక్కడి సంసారం నడుస్తుంది. అన్నం తిన్నావా, జ్వరం తగ్గిందా, తమ్ముడు బడికెళ్లాడా... అది తెగిపోయింది. ఆ అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది. పరీక్షలు దగ్గర పడ్డాయి.

నేనే వాళ్ల ఊరు వెళ్లాను. కాలవ గట్టు మీద రెండు గదుల ఇల్లు, పైన సగం స్లాబు. తండ్రి కొబ్బరి దింపుకి వెళ్తాడు. ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. నేను ఏమనుకుని వెళ్లానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. తాగేసి ఉంటాడనుకున్నాను. తాగేశాడని తేలితే నాకు తేలికగా ఉండేది కూడా. మనకి బాగా తెలిసిన కథ అది.

అతను తాగలేదు. భార్య కువైట్ వెళ్లడానికి ఏజెంటుకి కట్టిన డబ్బు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. అప్పిచ్చినవాడు వీధిలో నిలబెట్టి అడిగితే ఆ విడత డబ్బు తీసి ఇచ్చేశాడు. ఖాతా భార్యది. ఏటీఎం కార్డు అతని దగ్గర. బ్యాంకు మెసేజీలు వచ్చే ఫోను నెంబరు అతనిది. "మీ ఆవిడికి చెప్పావా?" అంటే, "అక్కడ ఏడిసి ఏం సేత్తాదండి" అన్నాడు. ఆమె కువైట్ వెళ్లింది ఎందుకు? ఇద్దరు ఆడపిల్లల చదువుకి. చదువు కోసం తెచ్చిన అప్పుకి చదువు డబ్బే వడ్డీగా పోయింది. ఇంత చిన్న లెక్క నా పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేదు.

పేరు ఒకరిది, పెత్తనం ఒకరిది కావడం మనకి కొత్త కాదు. డ్వాక్రా సంఘం అప్పు ఆమె పేరున వస్తుంది, బండి అతను కొంటాడు. ఇంటి పట్టా ఆమె పేరున వస్తుంది, తాకట్టు అతను పెడతాడు. తెలిసి కూడా, "డబ్బు నీ పేరునే పడింది" అన్నాను నేను. ఖాతా మీద పేరున్నంతమాత్రాన ఆమెకి హక్కు వచ్చిందో లేదో చూడలేదుగానీ, బాధ్యత మాత్రం పూర్తిగా వచ్చేసిందని నిర్ణయించేశాను. ప్రభుత్వమూ అదే చేసింది, కాలేజీ కూడా. కట్టకపోతే తప్పు తల్లిది. ప్రభుత్వం విడత ఆలస్యం చేస్తే ఆ తప్పు మాత్రం ఎవరిదీ కాదు.

కాలేజీ యాజమాన్యాలు ఈ పద్ధతి మీద ముందే కోర్టుకెళ్లాయి. 2021 సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి, ఫీజు కాలేజీ ఖాతాల్లోనే వెయ్యాలని తీర్పిచ్చారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు, డబ్బు తల్లుల ఖాతాల్లోకే వస్తూ పోయింది. 2023 చివరికొచ్చేసరికి తల్లీ, విద్యార్థీ కలిసి జాయింటు ఖాతా తెరవాలన్నారు. గల్ఫ్‌లో ఉన్న తల్లి బ్యాంకుకి వచ్చి సంతకం ఎలా పెడుతుంది? బల్లకి అటువైపు కూర్చున్న నాకు జవాబు తెలియదు. వేలిముద్రల సంగతి మరోటి. నాట్లేసి, పీచు కొట్టి అరిగిపోయిన వేళ్లు మిషను మీద పెడితే అది గుర్తుపట్టదు. మా అమ్మ పింఛను కోసం వెళ్లి నాలుగుసార్లు వేలు పెట్టి, "నేను కాదంటోందే ఇది" అని నవ్వింది. 1986లో నా స్కాలర్‌షిప్పు కాగితం మీద సిరాతో పడిన వేలే అది. ఆ వేలు అరిగింది నా చదువుకే.

నెట్ తిరిగొచ్చాక ఆ తల్లి జీతంలోంచి ఫీజు పంపింది. అమ్మాయి పరీక్షలు రాసింది. మూడో సంవత్సరంలో ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్పు. డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్పు తప్పనిసరి చేశారు అప్పటికి. ఆలోచన మంచిదే. కానీ కోనసీమలో డిగ్రీ చదివే ఆడపిల్ల ఎక్కడ చెయ్యాలి? మగపిల్లల్లో కొందరు విశాఖపట్నం, హైదరాబాదు వెళ్లారు. ఆడపిల్లల్ని అంత దూరం పంపరు. మా పొలాల మధ్యే ఓఎన్‌జీసీ రిగ్గులున్నాయి, మా నేల కింద గ్యాసుంది. 1995లో పాశర్లపూడిలో రెండు నెలలకి పైగా మండిన మంట మేం చూశాం, 2014లో నగరంలో పేలిన పైపులైనుకి మనుషులు కాలిపోవడం చూశాం. బీఏ చదివే అమ్మాయికి మాత్రం ఆ గేటు లోపల పని లేదు. ఈ అమ్మాయి మండలంలో ఒక ఆఫీసులో ఆర్నెల్లు ఫైళ్లు సర్దింది, కంప్యూటర్లో పేర్లెక్కించింది, టీలు కూడా తెచ్చింది. ఆమెతో పాటు చేరిన అబ్బాయిని టీ తెమ్మని ఎవరూ అనలేదట. పైసా ఇవ్వలేదు, బస్సు ఛార్జీలు చేతివే. అప్రెంటిసు చట్టం 1961 నాటిది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం డిగ్రీ అయిన అప్రెంటిసుకి అప్పట్లో నెలకి కనీసం 9 వేలివ్వాల్సి ఉండేది. ఇంటర్న్ అంటే అప్రెంటిసు కాదు కాబట్టి ఆ చట్టం ఈమెకి వర్తించదు. పని అదే, పేరు మార్చితే జీతం మాయమవుతుంది. ఆడవాళ్ల పని గురించి మనకి ఇదీ కొత్త కాదు. కువైట్‌లో అదే గిన్నెలు తోమితే దీనార్లిస్తారు, ఇక్కడ తోమితే సంసారమంటారు.

ఆ అమ్మాయి పీజీ చదవాలనుకుంది. 2020 డిసెంబరులోనే ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఈ దీవెనలు తీసేశారు. యూనివర్సిటీలో సీటు రాలేదు. ఇప్పుడు రావులపాలెంలో ఒక షాపులో లెక్కలు రాస్తోంది. "మళ్లీ రాస్తాను మేడమ్" అంటుంది ఎప్పుడు కనిపించినా.

తల్లి 2023లో తిరిగొచ్చింది. టీసీ కోసం కూతురితో పాటు కాలేజీకి వచ్చింది. నేను ఊహించుకున్నదానికన్నా చిన్న మనిషి. కుర్చీ చూపిస్తే అంచుమీద కూర్చుంది. ఆ రోజు ఫోన్లో అన్నదానికి క్షమాపణ చెప్పాలని ఏడాదిగా మాటలు కూర్చుకున్నాను. "ఆ రోజు నేను..." అని మొదలుపెట్టానో లేదో, ఆమే అందుకుంది.

"మీరు అడగబట్టే కదండీ నా పేరున డబ్బులొత్తన్నాయని తెలిసింది. లేకపోతే ఎప్పటికీ తెలవకపోను. రాగానే బేంకుకెళ్లి ఫోను నెంబరు మార్పించేసుకున్నానండి. కార్డు నా కాడే ఉంది ఇప్పుడు."

కొంగుముడి విప్పి చూపించింది కూడా. నేను మాట్లాడలేకపోయాను.

2024లో ప్రభుత్వం మారింది. ఫీజు డబ్బు మళ్లీ నేరుగా కాలేజీకే ఇస్తామన్నారు. బడిపిల్లలకీ ఇంటర్ వాళ్లకీ తల్లికి వందనం డబ్బు 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లోనే వేశారు. ఇంటర్ దాకా తల్లికి వందనం, డిగ్రీకొచ్చేసరికి ఆ తల్లి లెక్కలో లేదు. ఒక అధ్యాపకురాలిగా నాకిది సదుపాయమే, ఫోన్లు చెయ్యక్కర్లేదు. తండ్రి వాడేసుకుంటాడన్న భయమూ లేదు. కాదనలేను. కానీ ఒక ఆడదాని చేతిదాకా డబ్బు చేరడం కష్టమైతే, ఆ చెయ్యి బలపడేలా చూడాలా, చేతినే తప్పించెయ్యాలా? ఫోను నెంబరు ఆమెదో కాదో ఒకసారి అడిగితే చాలు. ఏడాదిపాటు ఆ ఫైళ్లన్నీ నా బల్లమీదే ఉన్నాయి. నేనూ అడగలేదు.

మొన్న రెండో కూతుర్ని చేర్చడానికి వచ్చింది ఆవిడ. కాగితాలన్నీ వరసగా తెచ్చింది, పాసుబుక్కు జిరాక్సుతో సహా. ఇప్పుడది అక్కర్లేదమ్మా అన్నాను.

"అయితే ఇంక నా పేరున రావాండీ?"

రావన్నాను. జిరాక్సు వెనక్కి తీసుకుని మడిచి, కొంగులో కార్డుతో పాటు కట్టుకుంది.

"పోన్లెండి, ఉంచుకుంటాను. మళ్లా ఎప్పుడు అడుగుతారో" అంది.