ఇద్దరి కారులో పొదిలి ప్రయాణము

మన యిండ్లలో ప్రయాణమనగానే మొదట కదలునది మూట. ఎద్దుబండ్ల కాలమున ట్రంకుపెట్టెయు, హోల్డాలును, మరచెంబును, ఊఱగాయ జాడీయు బండి యెక్కిన పిమ్మటనే మనుష్యులు ఎక్కెడివారు. బండ్లు మాఱినను ఆ యలవాటు మాఱలేదు. ఇద్దరు మాత్రమే కూర్చుండుటకు వీలైన చిన్న స్పోర్ట్సు కారులో మేమిరువురము గుంటూరినుండి పొదిలికిని, అచ్చటినుండి శ్రీశైలమునకును పోయివచ్చితిమి. అందు సామాను సర్దిన విధము సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాము.

ఇట్టి కార్లు వేగముకొఱకును, వినోదముకొఱకును పుట్టినవి. వానిని కల్పించినవారు సామానును గూర్చి చివరనే తలంచిరి. ఆంగ్లదేశమున 1945 మొదలు 1949 వఱకు తయారైన ఎం.జి. టి.సి. యను కారునకు కుర్చీల వెనుక ఇఱుకైన చోటు దప్ప డిక్కీ లేదు. దూరము పోవువారు దాని వెనుక ఇనుప చట్రము బిగించి, పెట్టెలను తోలుపట్టెలతో కట్టుకొనెడివారు. 1989లో జపానువారు వెలువరించిన మాజ్డా ఎం.ఎక్స్. 5 ఈ జాతిలో మిక్కిలి ప్రసిద్ధము. ఇప్పటి దాని డిక్కీ సుమారు 130 లీటర్లు. అనగా 200 లీటర్ల నీళ్ల పీపాలో మూడింట రెండువంతులకంటె తక్కువ. గుడ్డకప్పు గల కారుపై కారియరు బిగించుటకు వీలుండదు. పెక్కింటిలో స్టెప్నీయు నుండదు. టైరు పంక్చరును పూడ్చు మందును, గాలికొట్టు చిన్న యంత్రమును మాత్రమే యుండును. మేము పోయిన కారును ఇంచుమించు ఇట్టిదే.

ఫాల్గుణమాసమున శివరాత్రి రద్దీ తగ్గిన తరువాత బయలుదేరితిమి. చిలకలూరిపేట మీదుగా జాతీయరహదారిపై మేదరమెట్లకు పోయి, అచ్చట అద్దంకివైపు తిరిగి, దర్శిమీదుగా పొదిలి చేరితిమి. గుంటూరి సీమలో నల్లరేగడిని ప్రత్తి, మిరప చేలును, కల్లములలో ఎఱ్ఱని తివాచీలవలె నారవేసిన మిరపపండ్లును కన్నులపండువుగా నుండెను. దర్శి దాటినకొలది నేల మెట్టయగును. కందియు, పొగాకును కానవచ్చును. ఒంగోలు, దర్శి, కనిగిరి, మార్కాపురము దారులు కలియు పొదిలి 1970 వఱకు నెల్లూరు జిల్లాలోనిది. ఆ సంవత్సరమున ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. ఈ మెట్టప్రాంతమున పెక్కుచోట్ల భూగర్భజలములలో ఫ్లోరైడు అధికము. కావున బాటసారి త్రాగునీరు వెంటనుంచుకొనవలయును. కాని లీటరు నీరు కిలో బరువు. ఇరువురికి 6 లీటర్లు తీసికొన్నచో 6 కిలోలు తప్పవు. చిన్న కారులో ఇదియు లెక్కలోనికి రావలసినదే.

మేము పాటించిన పద్ధతి యిది. గట్టి పెట్టెలను మాని మెత్తని గుడ్డసంచులు తీసికొంటిమి. అవి మూలమూలకు ఒదుగును. నీళ్లసీసాల వంటి బరువైనవి డిక్కీలో అడుగున, కుర్చీల దగ్గఱగా నుంచితిమి. బరువు వెనుక కొనకు చేరినచో ముందుచక్రములపై పట్టు తగ్గి కారు మాట వినదు. తోలువారి పాదములచెంత ఏ వస్తువునుంచరాదు. కుర్చీల వెనుక కట్టని వస్తువునుంచినచో బ్రేకు వేసినప్పుడు అది తలపైకి దూకును. ఎండలో నిలిచిన కారు పొయ్యివలె కాగును గనుక మందులను చేతిసంచిలో ఉంచి, దిగునపుడెల్ల వెంట తీసికొంటిమి. టైర్లు చల్లగా నున్న వేకువనే, తలుపుదగ్గఱి చీటీలో చెప్పినంత గాలి పట్టించితిమి. వీనన్నిటికంటె ముఖ్యమైనది వేఱొకటి: డిక్కీలో సగము ఖాళీగా నుంచితిమి.

ఆ ఖాళీ మా పిన్నత్తగారికొఱకు. ఎనుబదియేండ్లు దాటిన ఆమె పొదిలిలో ఒంటరిగా నున్నది. వచ్చినవారిని వట్టిచేతులతో పంపుట ఆమె యెఱుగదు. చోటు లేదనుచు ఆమె యిచ్చినదానిని మఱల అరుగుమీద దింపుట కంటె, ఆమె గుమ్మము త్రొక్కకుండుట మేలు.

మఱునాడు పనిలేని సంచులను ఆమె యింటనే విడిచి, రెండు జతల బట్టలతోను నీళ్లతోను శ్రీశైలమునకు బయలుదేరితిమి. పలకలకు పేరుగన్న మార్కాపురము దాటి దోర్నాల చేరినచో, అచ్చటినుండి నల్లమల అడవిలో సుమారు 50 కిలోమీటర్ల ఘాటుదారి. అది పులుల అభయారణ్యము. రాత్రి 9 గంటలు మొదలు ఉదయము 6 గంటల వఱకు అడవిశాఖవారు దారి మూయుదురు. బరువు తగ్గినందున కారు మలుపులలో సులభముగా తిరిగెను. స్వామిదర్శనము చేసికొని, మూడవనాడు పొదిలికి తిరిగి వచ్చితిమి.

అప్పటికే పిన్నత్తగారి వసారాలో మిరపకాయల బస్తా, కందిపప్పు మూట, గోంగూర పచ్చడి జాడీ సిద్ధముగా నుండెను. డిక్కీ తెఱచి, “అత్తయ్యగారూ, ఈ సగము మీకొఱకే యుంచితిమి, మీ చేతితోనే సర్దుడు” అంటిమి. ఆమె కొంగు బిగించి, కఱ్ఱ ప్రక్కనబెట్టి, వంగి చోటు కొలిచెను. తరువాత మిరపబస్తాను తానే కాలితో ప్రక్కకు నెట్టి, “ఈ ఘాటుతో దారిపొడుగున దగ్గుదురా? దీనిని ఆర్టీసీ కార్గోలో పంపింతును. పప్పును, పచ్చడియు మీతో రావలయును” అనెను. జాడీని పాతచీరలో చుట్టి, మా సంచుల నడుమ కదలకుండ నిలిపి, తలుపు తానే మూసెను. మా అభ్యంతరముతో పనిలేకయే బరువు తగ్గినది. ఆమె ముఖమున తృప్తియు తగ్గలేదు.

కావున సోదరీమణులారా, కారు చిన్నదైనను పెద్దదైనను, సర్దునపుడు పోవునప్పటి లెక్కతోబాటు వచ్చునప్పటి లెక్కయు వేయుడు. దారిలో మనకొఱకు ఎదురుచూచు పెద్దలెవ్వరో తలంచుకొని, వారి మూటకు తగినంత చోటు ముందుగానే విడిచిపెట్టుడు.