అమ్మానాన్నల పాదాలు చూడండి

వేసవి వచ్చిందంటే మా డాలస్ విమానాశ్రయంలో తెలుగు మాటలు జోరుగా వినిపిస్తాయి. దుబాయ్ మీదుగానో, దోహా మీదుగానో హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలు దిగుతారు. రెండో విమానంలోనే దాదాపు 16 గంటలు కూర్చోవాలి. దిగేసరికి చాలామందికి చీలమండలు ఉబ్బి, చెప్పులు బిగుతైపోతాయి.

నడిచేటప్పుడు పిక్కల కండరాలు కాళ్ళలోని రక్తాన్ని గుండెవైపు నెడుతుంటాయి. కదలకుండా కూర్చుంటే సిరల్లో ఒత్తిడి పెరిగి, సన్నటి రక్తనాళాల్లోంచి నీరు చుట్టూ ఉన్న కండలోకి ఊరుతుంది. ఈ వాపు రెండు కాళ్ళకూ ఉంటుంది. కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుని, మధ్యమధ్య నడుస్తుంటే కొద్ది రోజుల్లో తగ్గుతుంది.

మా అమ్మకి తగ్గలేదు. "పెద్దతనం కదమ్మా, ఊరికే డాక్టర్లకి డాలర్లు పొయ్యకు" అంది. మందుల డబ్బా తెరిస్తే బీపీకి ఆమ్లోడిపిన్ ఉంది. అది రక్తం తెచ్చే సన్న ధమనుల్ని వెడల్పు చేస్తుంది, తీసుకెళ్ళే సిరల్ని అంతగా చేయదు. అందుకే కొందరికి కాళ్ళలో నీరు చేరుతుంది. పరీక్షల్లో గుండె, కిడ్నీలు బాగున్నాయని తేలాక డాక్టరు మందు మార్చారు. వాపు క్రమంగా తీసింది.

ఇలాంటి వాపుకి నీరు తీసే లాసిక్స్ పెద్దగా పనిచేయదు. తెలిసినవాళ్ళు ఇచ్చారని వేసుకుంటే పొటాషియం పడిపోయే ప్రమాదం ఉంది. మోకాళ్ళ నొప్పులకి వాడే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఉప్పునీ నీటినీ ఒంట్లో నిలిపేసి వాపు తెచ్చిపెట్టొచ్చు. ఉప్పు రోజుకి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, అంటే సుమారు ఒక చెంచాడు. ఆవకాయ, అప్పడాలు, ఇక్కడి డబ్బా సూపులు కలిస్తే అది ఇట్టే దాటిపోతుంది.

కొన్ని వాపులకి మాత్రం ఆగకూడదు. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, ఆ రోజే చూపించాలి. దానికి ఆయాసమో ఛాతీనొప్పో తోడైతే వెంటనే 911కి ఫోన్ చేయాలి. పడుకుంటే ఊపిరాడక తలగడలు పెంచుకుంటున్నా, వారంలో రెండు కిలోలకు మించి బరువు పెరిగినా గుండెని అనుమానించాలి. పొద్దున్నే కళ్ళచుట్టూ ఉబ్బి, మూత్రం నురగగా వస్తుంటే కిడ్నీల్ని చూపించాలి.

విజిటర్స్ ఇన్సూరెన్సుల్లో చాలావరకు పాత జబ్బులకి రక్షణ ఉండదు, ఉన్నా పరిమితమే. పిల్లల జేబుకి చిల్లు పడుతుందనే భయంతో పెద్దవాళ్ళు నొప్పినీ వాపునీ దాచేస్తారు. అందుకే బయల్దేరేముందే వాళ్ళ డాక్టరుతో మందుల జాబితా రాయించండి. వచ్చాక నాలుగో రోజున సాక్సు తీయించి, బొటనవేలితో చీలమండ పైన నొక్కి చూడండి. గుంట పడి నిలిచిపోతుంటే, వాళ్ళెంత వద్దన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.