సున్నం వేసిన గోడ

ఈమధ్య ఎవరింటికి వెళ్లినా హాల్లో ఓ ఇటుక గోడ ఎదురవుతోంది. వేలు పెట్టి నొక్కితే మెత్తగా లోపలికి దిగుతుంది. ఇటుక బొమ్మ అచ్చువేసిన స్టిక్కరు అది. దాని మీద నుంచి ఓ ప్లాస్టిక్ తీగ, ఎప్పటికీ వాడని ఆకులతో వేలాడుతూ ఉంటుంది. "తక్కువలో ఇల్లంతా మార్చేశామండీ" అంటారు మురిసిపోతూ. ఇల్లు అందంగా ఉండాలని తపన పడేవాళ్లంటే నాకు గౌరవమే. కానీ ఆ గోడ చూస్తే మాత్రం ఒళ్లు మండుతుంది. సిమెంటు గోడ సిమెంటు గోడలా ఉంటే ఏం తక్కువైంది? చవకలో ఇంటి రూపు మార్చడం మనకేమన్నా కొత్తా? ఏటా సంక్రాంతి ముందు ఊరూరా జరిగిన పనే కదా.

మా పెద్దమ్మ వాళ్లింట్లో ధనుర్మాసం సగానికి వచ్చేసరికి సున్నపు రాళ్లు దిగేవి. పెరట్లో పాత గాబులో రాళ్లు వేసి నీళ్లు పోస్తే బుసబుసా పొంగి ఉడికేది. పిల్లల్ని ఆ దరిదాపులకు రానిచ్చేది కాదు పెద్దమ్మ. కంట్లో పడితే చూపు పోతుందని ఆవిడ భయం. అది నిజమైన భయమే. రాత్రంతా అలా వదిలేసి, మర్నాడు పాత పంచెలో వడకట్టి, పల్చటి మజ్జిగలా కలిపేవాళ్లు. పట్టు కోసం కాస్త తుమ్మజిగురు, తెలుపు తేలడానికి చిటికెడు నీలిమందు. గోడ మీద ముందు నీళ్లు చల్లేవాళ్లు. ఎండిపోయిన గోడ తడిని ఒక్కసారిగా పీల్చేసుకుంటే సున్నం పొడిపొడిగా రాలిపోతుంది మరి.

సున్నం వేస్తున్నప్పుడు చూడ్డానికి ఏమీ ఉండదు. నార కుంచె తిరిగినంత మేరా గోడ తడిగా, మురికిగానే కనిపిస్తుంది. ఆరే కొద్దీ తెలుపు పైకి తేలుతుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. అందుకే ఆ తెల్లదనంలో ఒక గట్టిదనం ఉంటుంది. దట్టంగా ఒకేసారి పూస్తే పెచ్చులు లేస్తాయి కాబట్టి పల్చగా మూడుసార్లు వేయాలి. సున్నపు పూత గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. దాని ఘాటుకు బూజు పట్టదు. అడుగున జానెడు మేర ఎర్రటి జాజు పట్టీ, దాని మీద తెల్ల ముగ్గు గీతలు, గడపకు పసుపు. ఇల్లు పూర్తయినట్టే. మధ్యాహ్నపు వెలుతురు ఆ గోడల మీద పడితే గదిలో దీపం అక్కర్లేదు. ఇప్పటికీ నాకు ఇంటి అందమంటే ఆ వెలుతురే.

అయితే ప్లాస్టిక్ ఎమల్షన్ వేసిన గోడ మీద సున్నం నిలవదు. పాత రంగు పూర్తిగా గీకేస్తే తప్ప పట్టుకోదు. ఇక అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకోడు. అద్దె ఇళ్ల సంగతి ఎత్తితే మేకుల సంగతి చెప్పకుండా ఉండలేను. ఒకాయన ఇంట్లో అద్దెకున్నాం. ఖాళీ చేసే రోజున టార్చిలైటు పట్టుకుని గోడలకున్న మేకు రంధ్రాలు లెక్కపెట్టి, రంధ్రానికింత అని అడ్వాన్సులో కోసుకున్నాడాయన. వాటిలో సగం మేం దిగక ముందు నుంచీ ఉన్నవే. అమ్మమ్మ ఫొటో తగిలించుకోవడానికి ఒక్క మేకు కొట్టుకునే హక్కు లేకపోతే ఆ ఇంటికి అద్దె ఎందుకు కట్టాలి? ఎన్నేళ్లయినా ఆ కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా లేదు.

అలాంటి ఇళ్లకు బట్టే దిక్కు. బీరువా అడుగున కట్టని నూలు చీరలు లేని ఇల్లుండదు. చీర 5.5 మీటర్లనుకుంటే, ముందు మీటరు దాకా పమిట కోసి పక్కన పెట్టండి. మిగిలినదాన్ని సగానికి కోస్తే 7 అడుగుల ద్వారానికి రెండు తెరలొస్తాయి, పైనా కిందా మడతకు కూడా సరిపోతుంది. చీర అంచు పొడవునా ఉంటుంది కాబట్టి తెర పక్కల నిలువుగా దిగుతుంది. మంగళగిరి నూలు చీరైతే ఆ జరీ అంచు మీద పొద్దుటి ఎండ పడ్డప్పుడు చూడాలి! పమిట దిండు గలీబులకు పనికొస్తుంది. కుట్టుకూలి తప్ప ఖర్చు లేదు. ఇంట్లో మిషనుంటే అదీ లేదు.

ఇటుక స్టిక్కరు మాత్రం పీకేటప్పుడు గోడ రంగును కూడా పెచ్చులు పెచ్చులుగా లాక్కుపోతుంది. ఓనరుకు లెక్కపెట్టడానికి మేకు రంధ్రాలకన్నా పెద్ద మచ్చలు దొరుకుతాయి. ఈ పండక్కి స్టిక్కరు కొనే ముందు ఒక్కసారి బీరువా తెరవండి. సొంతిల్లయి, గోడకింకా ఎమల్షన్ తగలకపోతే సున్నం వేయించండి.